క్రికెట్ ఓటములూ, మన వేళాకోళాలూ

వార్షిక సంచికకు ఏదైనా రాసివ్వమని విద్యార్థి సంఘం మిత్రులు వచ్చి అడిగారు. "గణాంకశాస్త్రం గురించి మాత్రం వద్దు సార్" అని ముందే బతిమాలుకున్నారు. సరేనన్నాను. అయినా ఈ వ్యాసంలో ఒకచోట కాస్త లెక్క తప్పదు. అది రుచించని వారు ఆ పేరా దాటేసి ముందుకు పోవచ్చు, నేనేమీ అనుకోను.

మన ప్రాంతం సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. మంత్రాలయంలో మఠం ముందు నిలబడి తుంగభద్ర అవతలి గట్టు చూస్తే అది కర్ణాటక, రాయచూరు జిల్లా. ఆదోని నుంచి పడమటికి బస్సెక్కితే కాసేపటికి సిరుగుప్ప, అదీ కర్ణాటకే. బస్టాండులో కన్నడ బోర్డు బస్సూ తెలుగు బోర్డు బస్సూ పక్కపక్కనే నిలబడి ఉంటాయి. ఇంట్లో కన్నడం, బజారులో తెలుగు, పత్తి మార్కెట్ యార్డులో రెండూ, వాటితోబాటు కొంచెం ఉర్దూ మాట్లాడే కుటుంబాలు మనలో ఎన్నో. ఇలాంటి చోట హైదరాబాదు జట్టుకూ బెంగళూరు జట్టుకూ క్రికెట్ జరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఒకే తరగతిలో, ఒకే బెంచీ మీద, ఒక్కొక్కచోట ఒకే ఇంట్లో అన్నదమ్ముల మధ్య కూడా సరిహద్దు గీత పడుతుంది. కర్నూలులోనో అనంతపురంలోనో ఇది ఇంత ఘాటుగా ఉండదని నా అనుమానం.

ఆ గీతకు ఇటువైపు వారి చేతిలో ఏళ్ళ తరబడి ఒక గొప్ప ఆయుధం ఉండేది. బెంగళూరు జట్టు 2008లో ఐ.పి.ఎల్. మొదలైన నాటి నుంచి ఆడుతోంది. 2009, 2011, 2016 సంవత్సరాల్లో మూడుసార్లు ఫైనల్‌కు చేరి మూడుసార్లూ ఓడింది. 2011లో చెన్నై చేతిలో 58 పరుగుల తేడాతో పోయింది, అది వేరే సంగతి. మిగిలిన రెండూ హైదరాబాదు జట్ల చేతిలోనే! 2009 మే 24న జోహాన్నెస్‌బర్గ్‌లో దక్కన్ ఛార్జర్స్ చేసింది 143 మాత్రమే. కెప్టెన్ గిల్‌క్రిస్ట్ సున్నాకే అవుటయ్యాడు. కుంబ్లే నాలుగు ఓవర్లలో 16 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. అంత చేసినా బెంగళూరు 137 దగ్గర ఆగిపోయింది. ఆరు పరుగులు! పైగా దక్కన్ ఛార్జర్స్ అంతకు ముందు ఏడాది పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు.

ఇక 2016 మే 29. బెంగళూరులో, వాళ్ళ సొంత మైదానంలో ఫైనల్. ఆ ఏడాది కోహ్లి ఒక్కడే 973 పరుగులు చేశాడు. గేల్, డివిలియర్స్ కూడా అదే జట్టులో ఉన్నారు. సన్‌రైజర్స్ 208 కొట్టింది. వార్నర్ 69, చివర్లో కటింగ్ 15 బంతుల్లో 39. వాట్సన్ నాలుగు ఓవర్లలో 61 పరుగులు సమర్పించుకున్నాడు. బెంగళూరు బదులు మొదలుపెట్టి వికెట్ పోకుండా 114 కొట్టింది. అప్పుడు గేల్ 38 బంతుల్లో 76 చేసి అవుటయ్యాడు. ఇంకా 57 బంతులున్నాయి, కావలసింది 95, చేతిలో తొమ్మిది వికెట్లు. ఆ తరువాత కోహ్లి 54 చేసి పోయాడు, వెనకాలే డివిలియర్స్ పోయాడు. లెక్క తేలేసరికి 200. ఎనిమిది పరుగుల ఓటమి.

ఈ మ్యాచ్ దగ్గర నేను కొంచెం ఆగాలి. అప్పుడు నేను డిగ్రీ ముగించి, ఆదోనిలో ఒక అద్దె గదిలో ఉంటూ బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్నాను. గదిలో ముగ్గురం. నేను ఎమ్మిగనూరు వాణ్ణి, ఇంకొకతను ఆలూరు వైపు, మూడో అతను సిరుగుప్ప దగ్గరి పల్లె. ఈ మూడో అతను బెంగళూరు జట్టు అంటే ప్రాణం పెట్టేవాడు. పొద్దున లేచింది మొదలు మేమిద్దరం అతన్ని గిల్లుతూనే ఉండేవాళ్ళం. "ఏమప్పా, ఈ తూరన్నా కప్పు వస్తాదా, లేక మళ్ళా వచ్చే సంవత్సరమేనా?" అని నేను. "అదే పనిగా అడగొద్దు సామీ, అద్దంలో చూసుకున్నంత ఖాయం" అని అతను. ఫైనల్ నాడు ఇదే వరస నడుస్తుండగా నా నోటి నుంచి ఒక మాట జారింది. "అంత ఖాయమైతే ఊరికే అరవడమెందుకు, పందెం కట్టి చూపించు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. అతను కూడా నవ్వాడు. తరువాత టీ తాగి వస్తానని కిందికి వెళ్ళాడు.

కోచింగు రెండో వాయిదా ఫీజు కోసం ఇంటి నుంచి తెచ్చుకున్న మూడు వేల ఐదు వందలు అతను ఆ సాయంత్రం మా వీధిలో పందేలు రాసుకునే ఒకతని దగ్గర కట్టి వచ్చాడని మాకు మ్యాచ్ అయిన తరువాత గాని తెలియలేదు. 114 మీద గేల్ ఉన్నప్పుడు అతను మంచం మీద నిలబడి గంతులు వేశాడు. ఆట అయిపోయాక నేను గంతులు వేశాను. అతను చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళి, రాత్రి రెండు గంటలకు వచ్చి పడుకున్నాడు. మరుసటి వారం గది ఖాళీ చేశాడు. ఆ తరువాత చాలా కాలం మా మధ్య మాటల్లేవు. ఈ కథలో మిగిలింది చివర చెబుతాను.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. గెలుపు ముంగిట్లో కూలిపోయిన జట్టును చూస్తే మనకు ఇంత ఉత్సాహం ఎందుకు? ఓడిపోయే జట్లు బోలెడున్నాయి. ఢిల్లీ, పంజాబు జట్లు కూడా 2008 నుంచి ఆడుతున్నాయి. 2025 నాటికి ఒక్క కప్పూ లేదు. వాళ్ళను ఎవరూ ఇంతగా ఆడిపోసుకోరే! కారణం సులభంగానే కనిపిస్తుంది. వేళాకోళానికి ఎత్తు కావాలి. ఏటి మధ్యలో మునిగినవాణ్ణి చూసి అయ్యో అంటాం. గట్టు పట్టుకుని, పైకి చూసి, ఒడ్డున ఉన్నవాళ్ళకు చెయ్యి ఊపి, అప్పుడు జారి పడినవాణ్ణి చూసి నవ్వుతాం. బెంగళూరు దగ్గర పేరు గొప్ప ఆటగాళ్ళున్నారు. "ఈ సల కప్ నమ్దే" (ఈసారి కప్పు మనదే) అన్న కన్నడ నినాదముంది. ఆ నినాదాన్ని ఎదుటివాళ్ళే ఎక్కువగా వాడుకున్నారు. "ముందిన సల", అంటే వచ్చేసారి అని ఒక్క మాట మార్చితే చాలు, ఎగతాళి తయారు.

ఇంకొక చిత్రం ఏమిటంటే, ఎగతాళి ఎప్పుడూ అంకె రూపంలోకి కుదించుకుపోతుంది. 2017 ఏప్రిల్ 23న కలకత్తాలో బెంగళూరు 49 పరుగులకు ఆలౌటయింది. ఒక్కడూ రెండంకెలు దాటలేదు. ఎక్కువ చేసినవాడిది 9. ఆనాటి నుంచి మన టీ బంకుల దగ్గర "నలభై తొమ్మిది" అంటే వేరే వివరణ అక్కరలేదు. బంకువాడు చిల్లర నలభై తొమ్మిది ఇచ్చినా పక్కన ఎవడో ఒకడు నవ్వుతాడు. బయటివాడికి అర్థం కాదు, లోపలివాడికి సూదిలా దిగుతుంది. ఎగతాళికి ఇంతకంటె పొదుపైన పద్ధతి లేదు.

ఇది మన సొత్తేమీ కాదు. అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట ఉంది. మన బిళ్ళంగోడుకూ క్రికెట్టుకూ దూరపు చుట్టం అనుకోండి. అందులో న్యూయార్క్ యాంకీస్, బోస్టన్ రెడ్ సాక్స్ అనే రెండు జట్లకు వంద సంవత్సరాల పైబడిన వైరం. బోస్టన్ 1918లో ఛాంపియన్ అయింది. తరువాత బేబ్ రూత్ అనే మహా ఆటగాణ్ణి యాంకీస్‌కు అమ్మేసింది. ఇక ఎనభై ఆరు సంవత్సరాలు దానికి కప్పు లేదు. యాంకీస్ అభిమానులు స్టేడియంలో వేరే తిట్లేమీ తిట్టేవారు కారు, "నైన్‌టీన్ ఎయిటీన్" అని మాత్రం వేలమంది కలిసి పాటలా పాడేవారు. మన నలభై తొమ్మిదికి పెద్దన్న అన్నమాట.

ఆ కథలో ఒక భాగం నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. 1986 అక్టోబరు 25న న్యూయార్క్ మెట్స్‌తో ఫైనల్ పోటీల్లో ఆరో ఆట. ఇంకొక్క బంతి సరిగ్గా పడితే కప్పు బోస్టన్‌దే. అక్కడి నుంచి ఆట జారింది. చివరికి నేల మీద దొర్లుతూ వచ్చిన బంతి బిల్ బక్నర్ అనే ఫీల్డరు కాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయింది. ఓటమి భారమంతా అతని మీదే పడింది. నిజానికి ఆ బంతి వచ్చేసరికే స్కోరు సమమైంది, అంటే ఆధిక్యం పోగొట్టింది అతను కాదు. పైగా ఏడో ఆట ఇంకా మిగిలే ఉంది, అదీ బోస్టన్ ఓడింది. కాని ఎగతాళికి ఈ వివరాలు పట్టవు. దానికి ఒక ముఖం కావాలి, ఒక దృశ్యం కావాలి. 2004లో బోస్టన్ యాంకీస్‌తో వరుసగా మూడు ఆటలు ఓడి, తరువాతి నాలుగూ గెలిచి, ఆపైన కప్పు కూడా తెచ్చుకుంది. మూడు సున్నాల మీద నుంచి అలా లేచిన జట్టు ఆ ఆట చరిత్రలో అంతకు ముందు లేదు. వేళాకోళం ఒక్క వారంలో దిక్కు మార్చింది. 2008 ఏప్రిల్‌లో బక్నర్‌ను పిలిచి బోస్టన్ మైదానంలో మొదటి బంతి వేయించారు. జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇరవై రెండేళ్ళు పట్టింది!

క్రికెట్టులో ఈ పీఠం దక్షిణాఫ్రికాది. వాళ్ళకు "చోకర్స్" అనే బిరుదు, అనగా గొంతు పట్టేసినవాళ్ళు అని. అయితే ఆ జాబితాను విడదీసి చూడండి. 1992లో సిడ్నీ సెమీఫైనల్‌లో 13 బంతుల్లో 22 కావాలి. వాన వచ్చింది. ఆట మళ్ళీ మొదలయ్యేసరికి ఒక్క బంతికి 21 అయింది (బోర్డు మీద 22 అని చూపించారు). ఇందులో గొంతు పట్టేసింది ఎవరికి? నిబంధన రాసినవారికి. 1999 జూన్ 17న ఎడ్జ్‌బాస్టన్‌లో మాత్రం నిజంగా జరిగింది. ఆఖరి ఓవరు మొదటి రెండు బంతులను క్లూసెనర్ బౌండరీలకు కొట్టి స్కోరు సమం చేశాడు. నాలుగు బంతుల్లో ఒక్క పరుగు. నాలుగో బంతికి క్లూసెనర్ పరుగెత్తాడు, డోనాల్డ్ అవతలి కొసన బ్యాటు జారవిడిచి నిలబడిపోయాడు, రనౌట్. 213, 213. టై అయినా ఆస్ట్రేలియా ఫైనల్‌కు వెళ్ళింది. 2003లో డర్బన్‌లో వాన లెక్క తప్పుగా అర్థం చేసుకుని, ఇంకొక్క పరుగు కావలసినచోట బౌచర్ చివరి బంతిని నిదానంగా అడ్డుకున్నాడు. అది లెక్కల పొరపాటు. 2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో మనతో ఫైనల్‌లో 30 బంతుల్లో 30 కావాలి, ఆరు వికెట్లున్నాయి, ఏడు పరుగులతో ఓడారు. నాలుగూ నాలుగు వేరు వేరు రోగాలు. ఎగతాళి చేసేవాడు నాలుగింటికీ ఒకే మందు చీటీ రాస్తాడు.

నిజంగా ఒత్తిడికి లొంగిపోవడం అంటే ఏమిటి? 1984లో రాయ్ బౌమైస్టర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద ప్రయోగాలు ప్రచురించాడు. బాగా అలవాటైన పనిని శరీరం తనంతట తానే చేసుకుపోతుంది. ఫలితం మరీ ముఖ్యమైనప్పుడు మనిషి తన చేతులు ఏం చేస్తున్నాయో తానే గమనించడం మొదలుపెడతాడు. అక్కడ లయ తప్పుతుంది. ఎమ్మిగనూరు వాణ్ణి కాబట్టి నాకు మగ్గం గుర్తుకొస్తుంది. నాడె అటూ ఇటూ పోతూ ఉండగా నేసే మనిషి మీతో మాట్లాడుతూనే ఉంటాడు, పోగు తెగదు. "మామా, ఇప్పుడు ఏ కాలు ముందు తొక్కినావు?" అని అడిగి చూడండి. ఆ ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది. చిన్నప్పుడు మా వీధిలో ఇలా అడిగి దెబ్బలు తిన్నాను.

2017 జులై 23న లార్డ్స్‌లో మన అమ్మాయిల ఫైనల్‌ను ఈ దృష్టితో చూస్తే బాధ కాస్త తగ్గుతుంది. కావలసింది 229, ఒక దశలో 3 వికెట్లకు 191. చివరి ఏడు వికెట్లూ 28 పరుగులకే పడిపోయాయి. 219 ఆలౌట్. కెప్టెన్ మన హైదరాబాదు మిథాలీ రాజ్. ఆ ఓటమిని మాత్రం మన దగ్గర ఎవరూ ఎగతాళి చేయలేదు. పక్కన అవతలి జట్టువాడు లేకపోవడం ఒక కారణం. ఓడినవాళ్ళ కష్టం మనదే కావడం ఇంకొకటి. 2025 నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికా మీద 52 పరుగులతో ఆ కప్పు వచ్చింది. ఆ జట్టులో మన రాయలసీమ బిడ్డ, కడప జిల్లా శ్రీచరణి ఉంది.

ఇక నేను హెచ్చరించిన లెక్క. ఎనిమిది జట్లూ సమాన బలంతో ఉన్నాయనుకుందాం. ఒక జట్టు ఒక ఏడాది కప్పు కొట్టకపోవడానికి అవకాశం ఎనిమిదింట ఏడు. పదిహేడు సంవత్సరాలు వరుసగా కొట్టకపోవడానికి ఆ భిన్నాన్ని పదిహేడుసార్లు గుణించాలి. సుమారు నూటికి పది వస్తుంది. ఎనిమిది జట్లలో ఒక్కొక్కదానికీ నూటికి పది చొప్పున ఉంటే, అలాంటి దురదృష్టవంతుడు ఒకడు తేలడం వింతేమీ కాదు. మూడు ఫైనళ్ళూ ఓడటం నాణెం మూడుసార్లు ఎగరేస్తే మూడుసార్లూ బొరుసు పడటం వంటిది, ఎనిమిదింట ఒకసారి. దీనికి శాపమూ అక్కరలేదు, జాతకమూ అక్కరలేదు. ఈ లెక్క నేను 2016లో మా గదిమిత్రుడికి చెప్పి ఉంటే ఎంత బాగుండేదో! కాని గంతులు వేస్తున్నవాడికి లెక్కలు గుర్తుకు రావు.

వేళాకోళం మన సంస్కృతికి కొత్త కాదు. పెళ్ళి పందిట్లో వియ్యాలవారి మీద పాటలు కట్టి పాడతారు. బావను మరదలు ఆటపట్టిస్తుంది. అయితే అక్కడ ఒక ఏర్పాటు ఉంది. ఈ పూట అన్నవాళ్ళు రేపు పడాలి. ఆడపిల్లవారు ఈ పెళ్ళిలో మాటలు పడితే కొడుకు పెళ్ళిలో తీర్చుకుంటారు. క్రికెట్టులో ఆ వంతు రావడానికి ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది, అంతవరకూ ఒక్కడే పడుతూ ఉండాలి. అందుకే అది ముదురుతుంది.

బెంగళూరువారికి వంతు రానే వచ్చింది. 2024లో మన సన్‌రైజర్స్ ఆడిన ఆట చూశారు కదా! ఏప్రిల్ 15న బెంగళూరులోనే 287 కొట్టింది. ఢిల్లీ మీద మొదటి ఆరు ఓవర్లలో 125. మనవాళ్ళు నేల మీద నడవలేదు. మే 26న చెన్నైలో కలకత్తాతో ఫైనల్. మొదటి ఓవర్లోనే అభిషేక్ శర్మ వికెట్టును స్టార్క్ ఎగరగొట్టాడు. హెడ్ ఎదుర్కొన్న మొదటి బంతికే వెనుదిరిగాడు. 18.3 ఓవర్లలో 113 ఆలౌట్. ఐ.పి.ఎల్. ఫైనళ్ళలో అంత తక్కువ స్కోరు అంతకు ముందు లేదు. కలకత్తా పదకొండు ఓవర్లు కూడా తీసుకోలేదు.

ఆ రాత్రి పదకొండు దాటాక నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. కొత్త నంబరు. అక్షరం లేదు, మూడే అంకెలు: 113.

ఎవరో నాకు వెంటనే తెలిసింది. ఎనిమిదేళ్ళ తరువాత! నేను బదులుగా "49" అని పంపాను. అతను "2009 మీది కాదు, ఆ కంపెనీ మూతపడింది" అన్నాడు. నిజమే. దక్కన్ ఛార్జర్స్ 2012లో పోయింది, సన్‌రైజర్స్ 2013లో వచ్చిన వేరే జట్టు. సరిహద్దు అవతలివారికి ఇది ఇష్టమైన వాదన. అర్ధరాత్రి దాకా ఇలాగే నడిచింది. ఆఖరున ఫోను చేశాను. 2016 సంగతి నేనే ఎత్తాను. "పోనీ అన్నా, మూడున్నర వేలకు బుద్ధి వచ్చింది. నువ్వు చెప్పినావని కట్టలేదులే" అన్నాడు. నేను చెప్పబట్టే కట్టాడని నాకు తెలుసు, అతనికీ తెలుసు. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడట.

2025 జూన్ 3న అహ్మదాబాదులో బెంగళూరు 190 చేసి, పంజాబును 184 దగ్గర ఆపింది. పద్దెనిమిదో ఏట మొదటి కప్పు. తేడా ఆరు పరుగులు, సరిగ్గా 2009లో ఓడినంతే! "ఈ సల కప్ నమ్దు" అని కోహ్లి అన్నాడు. మన ఆదోనిలో అర్ధరాత్రి టపాకాయలు పేలాయి. నేను ఫోను చేస్తే అతను మాట్లాడలేకపోయాడు, ఏడుస్తున్నాడు. "ఇంక నిన్ను ఏమని ఏడిపించేది?" అన్నాను. పదకొండు రోజుల తరువాత లార్డ్స్‌లో దక్షిణాఫ్రికా ఆస్ట్రేలియాను ఓడించి టెస్టు ఛాంపియన్ అయింది. బ్యాటింగ్ చేస్తూ ఉండగా కూడా ఆ "చోక్" మాట మా చెవిన పడుతూనే ఉందని కెప్టెన్ బవుమా తరువాత చెప్పాడు. ఒకే నెలలో రెండు పాత ఎగతాళులు చెల్లిపోయాయి.

కాని ఆ రెండింటి నడుమ జూన్ 4 ఉంది. కప్పుతో వచ్చిన జట్టును చూడటానికి బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గరికి జనం విరగబడి వచ్చారు. తొక్కిసలాటలో పదకొండుమంది చనిపోయారు. ఆ సాయంత్రం టీవీలో ఆ వార్త చూసి నేను మళ్ళీ అతని నంబరు కొట్టాను. మొదటిసారి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఎత్తాడు. ఆఫీసులో సెలవు దొరకలేదట, అందుకే పోలేదన్నాడు. "జెర్సీ వేసుకుని కూర్చున్నానన్నా, ఇప్పుడే విప్పి పక్కన పెట్టినా" అన్నాడు. ఇద్దరం ఇంకేమీ మాట్లాడలేదు. కాసేపు లైను అట్లే ఉంచి, అతనే పెట్టేశాడు.